చీకటి పడే గంటలో పిల్లలతో: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు ఉన్నారు. బడి నుంచి వచ్చి పాలు తాగేసరికే ఐదు అవుతోంది, కాసేపటికే చీకటి పడుతోంది. బయటికి తీసుకువెళదామంటే, మంచు తగిలి జలుబు చేస్తుందని మా అత్తగారు వారిస్తున్నారు. మాకు ఉన్నది ఒక స్కూటరు మాత్రమే. ఈ రెండు నెలలూ పిల్లలు టీవీ ముందు కూర్చోవలసిందేనా?
ఒక తల్లి, విజయనగరం

సమాధానం: ముందుగా మీ అత్తగారి మాట చూద్దాం. జలుబుకు కారణం వైరస్. అది తలుపులు మూసిన గదిలో, దగ్గుతున్నవారి పక్కన కూర్చున్నప్పుడు ఎక్కువగా అంటుకుంటుంది గాని, చెరువు గట్టు మీద నడిచినంత మాత్రాన రాదు. మన మైదాన ప్రాంతంలో డిసెంబరు నెల సాయంత్రం ఆరు గంటలకు సాధారణంగా 20 డిగ్రీలకు పైనే ఉంటుంది కనుక, పొడుగు చేతుల చొక్కా, చెవులు కప్పే టోపీ సరిపోతాయి. అయినా ఆవిడ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. స్కూటరు ముందు భాగంలో నిలబడిన పిల్లవాడి ముఖానికి కొట్టే గాలి, నడిచే పిల్లవాడికి తగిలే గాలి కంటే చాలా చల్లగా ఉంటుంది. అందువల్ల నడిచి వెళ్లగలిగినంత దూరమే ఎంచుకోండి. పిల్లల్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే చల్లగాలి, పొగ రెండూ పడవు కాబట్టి, ముందుగా వైద్యుడిని అడగడం మంచిది.

ఇక చీకటి సంగతి. డిసెంబరు మొదట్లో మన వైపు సూర్యుడు సుమారు 5.20కే అస్తమిస్తాడు, సంక్రాంతి నాటికి పొద్దు దాదాపు ఇరవై నిమిషాలు పెరుగుతుంది. మీరు చీకటిని అడ్డంకిగా చూస్తున్నారు. నా ఉద్దేశంలో ఆ చీకటి పడడాన్ని చూడడమే పిల్లలకు అసలైన షికారు. ఐదుంబావుకు బయలుదేరి అయ్యకోనేరు గట్టుకో, పెద్ద చెరువు వైపుకో వెళ్లి, ఆరుంబావుకల్లా ఇంటికి చేరండి. ఆ గంటలో నీటి రంగు మారుతుంది, కొంగలు గూళ్లకు మళ్లుతాయి, అవి సద్దుమణిగే వేళకు గబ్బిలాలు బయటికి వస్తాయి, ఆ తరువాత ఒక్కొక్కటిగా చుక్కలు కనిపిస్తాయి. బాబుకు కొంగల లెక్క అప్పగించండి. పాపను మొదటి చుక్క కనిపించిన సమయం ఒక పుస్తకంలో రాసుకోమనండి. నెల రోజుల తరువాత ఆ అంకెలు చూసి, పొద్దు పెరుగుతున్నదని ఆమె తనంతట తానే మీకు చెబుతుంది. ఒక సాయంత్రానికి ఒకే పని చాలు. రెండో పని పెట్టుకుంటే పెద్దలకు తొందర, పిల్లలకు అలుపు.

నీటి దగ్గర సంధ్యవేళ దోమలు ముసురుతాయి కనుక కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు, మేజోళ్లు తప్పనిసరి. చిరుతిండి కోసం వెతకనక్కరలేదు, ఇది తేగల కాలం. ఉడికించిన తేగను నిలువునా చీల్చి, మధ్యలోని చందమామ ఎవరికి దక్కాలన్న తగవు తీర్చుకుంటూ ఇల్లు చేరవచ్చు. మా ఇంట్లో ఆ తగవు ఎన్నడూ తీరింది లేదు.

ప్రశ్న: మనవలు సెలవులకు వస్తున్నారు. కళింగపట్నంలో సముద్రంలోకి సూర్యుడు దిగడం, ఆపైన నక్షత్రాలు చూపించాలని ఉంది. ఏ రోజు వెళ్లాలి?
ఒక తాతగారు, శ్రీకాకుళం

సమాధానం: మన తీరం తూర్పు ముఖంగా ఉంది కనుక, తాతగారూ, సూర్యుడు మీ వీపు వెనుక, నేల మీదనే అస్తమిస్తాడు. అందుకు బదులు పౌర్ణమి నాడు వెళ్లండి. ఆనాడు సూర్యాస్తమయానికి కాస్త అటూ ఇటుగా చంద్రుడు సముద్రంలో నుంచే పైకి వస్తాడు. పిల్లలు అంత పెద్ద చంద్రుణ్ణి పట్నపు మేడల మధ్య చూసి ఉండరు. మరుసటి రోజు నుంచి చంద్రోదయం రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది, కాబట్టి తేదీ తప్పితే ఆ దృశ్యం దొరకదు.

నక్షత్రాలకు మాత్రం అమావాస్యకు దగ్గరి రోజులు కావాలి, అంటే రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. అందుకోసం కళింగపట్నం దాకా వెళ్లనక్కరలేదు. ఊరి చివర, దీపాలు లేని కళ్లం ఏదైనా చాలు. డిసెంబరులో రాత్రి ఏడున్నరకు తూర్పున పైయెత్తులో చిన్న గుంపుగా పిల్లలకోడి, అంటే కృత్తికలు, కనిపిస్తుంది. దాని కిందుగా ఎర్రని రోహిణి, ఇంకా కిందుగా ఒకే వరుసలో మూడు చుక్కలు ఉంటాయి. ఆ మూడింటికి ఎడమ పక్కన ఎర్రగా మెరిసేది ఆర్ద్ర.

పౌర్ణమి నాడు కాస్త ముందుగా బయలుదేరితే, వెలుగుండగానే శాలిహుండం కొండ ఎక్కి బౌద్ధ స్తూపాలను, కింద వంశధారను చూపించి, ఆ తరువాత తీరానికి చేరవచ్చు. వంశధార సముద్రంలో కలిసే చోట ప్రవాహం నమ్మదగినది కాదు. మసక వెలుతురులో పిల్లలను మోకాలి లోతుకైనా దిగనివ్వవద్దు. చంద్రుడి కోసం ఎదురుచూసేటప్పుడు విసుగు పుడితే, లైట్‌హౌస్ వెలుగు ఒకసారి మెరిశాక మళ్లీ ఎన్ని అంకెలకు మెరుస్తుందో లెక్కపెట్టమనండి. మరో పూట వీలైతే, టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో సాయంత్రం గూడబాతులు చెట్లకు చేరడం చూపించండి. నాలుగు గంటలకల్లా అక్కడ ఉండాలి.

ప్రశ్న: పెరట్లో పిల్లలతో చలిమంట వేసుకోవచ్చా?
ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: వేసుకోవచ్చు, కాని ఎండు కట్టెలతో మాత్రమే. ప్లాస్టిక్ సంచులు, పాత టైర్లు వేస్తే ఆ విషపు పొగ చలిరాత్రి పైకి పోకుండా వీధి అంతా నేలబారుగా నిలిచిపోతుంది. నైలాన్ దుస్తులు వేసుకున్న పిల్లలను దగ్గరికి రానివ్వకండి. లేచి వెళ్లేటప్పుడు నిప్పుల మీద ఇసుక కప్పి ఊరుకోవద్దు, ఆ అడుగున వేడి గంటల తరబడి ఉంటుంది, ఉదయాన్నే వట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చే పిల్లవాడికి అది కనిపించదు. రెండు బిందెల నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి.