పనిచోటి క్షేమంపై పరిశోధన: నిధులెక్కడ?

ప్రశ్న: భీమవరం డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. ఇక్కడి రొయ్యల పీలింగ్ షెడ్లలో ఆడవాళ్లకు పనిలో తృప్తి, గౌరవం ఎంతవరకు దక్కుతున్నాయో పరిశోధించాలని ఉంది. డబ్బు ఎవరిస్తారు?

జవాబు: ఇలాంటి పని మన డెల్టాకు చాలా అవసరమండీ, వదలకండి. ముందు ఢిల్లీలోని ఐసీఎస్‌ఎస్‌ఆర్‌ను చూడండి. సామాజిక శాస్త్ర పరిశోధనల కోసం 1969లో పెట్టిన సంస్థ అది. ప్రాజెక్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు దరఖాస్తు చేయాలి. డబ్బు మీ చేతికి రాదు, కాలేజీ ఖాతాలో విడతలుగా పడుతుంది. కాబట్టి ప్రిన్సిపాల్‌గారి అంగీకార పత్రం ముందే తీసుకోండి. మొదటి విడతకు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఎ ఫారంలో, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపడం ఆలస్యమైతే రెండో విడత ఆగిపోతుంది. ప్రయాణాల పద్దులో వచ్చింది ప్రయాణాలకే ఖర్చుపెట్టాలి, దాంతో ల్యాప్‌టాప్ కొంటే ఆడిట్‌లో పట్టుకుంటారు.

విదేశీ సంస్థల్లో జాన్ టెంపుల్టన్ ఫౌండేషన్‌లాంటివి ఇటువంటి అంశాలకు ఇస్తాయి. ముందు చిన్న విచారణ పత్రం పంపాలి, నచ్చితే పూర్తి ప్రతిపాదన అడుగుతారు. అయితే కాలేజీకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. ఆ సొమ్ము ఢిల్లీ ప్రధాన స్టేట్ బ్యాంకు శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. అవి లేకుండా అటు వెళ్లడం వృథా.

ఎక్కువ ప్రతిపాదనలు దెబ్బతినేది నమూనా లెక్కలో, అంటే ఎంతమందిని అడగాలన్న దగ్గర. మేస్త్రీ కూలీలతో నడిచే షెడ్లను, కంపెనీ రోల్లో ఉన్నవాళ్లతో నడిచే షెడ్లను పోలుస్తారనుకుందాం. 0.4 ప్రామాణిక విచలనమంత (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత అది) తేడా పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు సుమారు 100 మంది చాలు. కానీ ఒకే షెడ్డువాళ్ల జవాబులు ఒకలాగే ఉంటాయి. షెడ్డుకు 20 మంది చొప్పున తీసుకుంటే, జవాబులు ఎంత ఒకలా ఉన్నాయో చెప్పే సంఖ్య (0 అంటే అసలు సంబంధం లేదు, 1 అంటే షెడ్డంతా ఒకే జవాబు) 0.05 అనుకున్నా 100ను 1.95తో (1 + 19 × 0.05) గుణించాలి. అంటే ఒక్కో వైపు 195 మంది, పదేసి షెడ్లు. సీజన్ మధ్యలో మానేసేవాళ్లుంటారు కాబట్టి ఇంకో రెండు మూడు షెడ్లు అదనంగా వేసుకోండి. బడ్జెట్‌లో సర్వేయర్ల కూలి, రవాణా ఈ లెక్క మీదే కట్టాలి.

ప్రశ్నావళికి హార్వర్డ్‌వాళ్ల ఫ్లరిషింగ్ కొలమానం (మనిషి బతుకు ఎంత బాగుందో కొలిచేది) బాగుంటుంది. అందులో పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు. డబ్బు, భద్రతల గురించిన మరో రెండు ప్రశ్నలున్నాయి. పీసు లెక్కన కూలి తీసుకునేవాళ్ల విషయంలో అవి మానేయకూడదు. తెలుగు చేశాక వేరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించి సరిచూడండి. మేస్త్రీ ఎదుట అడిగితే అందరూ పదికి పది వేస్తారు. షిఫ్టు అయ్యాక ఇళ్ల దగ్గర అడగండి.

ప్రశ్న: మండపేటలో ఒక మిల్లు కూలీల క్షేమంపై మేం చేసే పరిశోధనకు ఆ మిల్లు యజమానే సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత పద్దు) కింద డబ్బిస్తానంటున్నారు. తీసుకోవచ్చా? — ఒక పరిశోధక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆ పద్దులో కుదరదు బాబూ. సొంత ఉద్యోగులకు మేలు చేసే పనులు సీఎస్‌ఆర్ కిందికి రావని కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. మామూలు ఖర్చుగా ఇస్తే ఇవ్వొచ్చు. ముందు ఒప్పందం రాసుకోండి: ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీది, ఏ కూలీ ఏం చెప్పాడో యాజమాన్యానికి చూపించరు. ఈ రెండూ ఒప్పుకోకపోతే ఆ డబ్బు వద్దు. పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని లేకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకముందు ఒక్క ఫారం కూడా నింపించకండి.