పిల్లిని చంపిన బిళ్ల పాపకు మందెలా అవుతుంది?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. పోయిన నెల మా పిల్లి రెండు రోజులు తిండి మానేసి ముడుచుకుని పడుకుంది. ఒళ్లు వెచ్చగా ఉందని మా అత్తమ్మ పారాసిటమాల్ 500 బిళ్లలో సగం నూరి నీళ్లలో కలిపి తాగించింది. సాయంత్రానికి మూతి వాచి, చిగుళ్లు నల్లబడి, తెల్లారేసరికి చచ్చిపోయింది. ఆ బిళ్ల వల్లేనని పశువుల డాక్టరు గారు చెప్పారు. మూడేళ్ల మా పాపకు జ్వరం వస్తే మేం పోసే సిరప్ కూడా అదే మందు. ఇప్పుడు ఆ సీసా చూస్తేనే టెన్షన్‌గా ఉంది. మందులన్నీ ముందు ఎలుకలకిచ్చి చూస్తారంటారు కదా. ఒక జంతువుకు పడింది ఇంకో జంతువుకు పడనప్పుడు ఆ పరీక్షలను ఎలా నమ్మేది? పాపకు సిరప్ పోయొచ్చా?

జవాబు: పోయొచ్చమ్మా, పాప బరువుకు తగ్గ కొలతలో. ఆ లెక్క చివర్లో చెబుతాను. ముందు మీ అత్తమ్మ గారిని ఎవరూ ఏమీ అనకండి. ఈ బిళ్ల పిల్లి ప్రాణం తీస్తుందని బాగా చదువుకున్న వాళ్లకే తెలియదు. పిల్లల డాక్టరునైన నాకు కూడా, నెల్లూరు పొగతోటలో ప్రాక్టీసు పెట్టాక ఒక పశువైద్య మిత్రుడు చెబితేనే తెలిసింది.

ఒంట్లోకి వెళ్లిన పారాసిటమాల్‌ను లివర్ బయటికి పంపాలి. చెరువుకు కలుజులున్నట్టు దానికీ దారులున్నాయి. పెద్ద కలుజు, మందుకు చక్కెర జాతి పదార్థం ఒకటి తగిలించి మూత్రంలోకి తోసేది. రెండోది సల్ఫేటు తగిలించి పంపేది. ఈ రెండింటి గుండా పోగా మిగిలిన కొంచెం మందు విషంగా మారుతుంది. దాన్ని లివర్‌లో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం అక్కడికక్కడే పట్టి విరిచేస్తుంది. పిల్లిలో ఆ పెద్ద కలుజు దాదాపు పూడిపోయి ఉంటుంది. దానికి కావాల్సిన ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పిల్లి జాతిలోనే చెడిపోయింది. మాంసం మీద బతికే జంతువుకు ఆకులు, కాయల్లోని విషాలతో పని లేక అలా అయిందని శాస్త్రవేత్తల ఊహ. దాంతో విషం పోగుపడి రక్తం మీద పడుతుంది. రక్తం ఆక్సిజన్ మోయలేక చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. మీరు చూసిన నల్ల చిగుళ్లు అవే. నాలుగు కిలోల పిల్లికి సగం బిళ్ల అంటే కిలోకు 60 మిల్లీగ్రాములు దాటింది. కిలోకు 10 మిల్లీగ్రాములకే జబ్బు పడిన పిల్లులున్నాయి.

పుట్టిన కొత్తలో మన పిల్లలకూ ఆ పెద్ద కలుజు పూర్తిగా తెరుచుకోదు. కానీ వాళ్లలో సల్ఫేటు దారి బలంగా ఉండి పని గడుపుతుంది. అందుకే మీ పాప లివర్ పిల్లి లివర్ లాంటిది కాదంటున్నాను.

ఇక ఎలుకల సంగతి. పెద్ద ఎలుకకు ఇదే మందు కిలోకు 1000 మిల్లీగ్రాములు ఇచ్చినా చాలాసార్లు తట్టుకుంటుంది. చిట్టెలుకకు 300తోనే లివర్ దెబ్బతింటుంది. చూడటానికి అన్నదమ్ముల్లా ఉండే జంతువుల మధ్యే అంత తేడా! మనిషి ఈ మందు విషయంలో చిట్టెలుక పక్షం. పెద్ద ఎలుకనే నమ్ముకుని ఉంటే మోసపోయేవాళ్లం. మీ అనుమానం సరైనదే, ఆ పరీక్షలు చేసేవాళ్లకు కూడా అదే అనుమానం. అందుకే ఒక్క జంతువుతో ఊరుకోరు. చాలా మందులకు ఎలుక జాతిలో ఒకటి, ఎలుక జాతి కానిది ఒకటి, సాధారణంగా కుక్కో కోతో, తీసుకుంటారు. అంతకన్నా ముందు ఎలుక, కుక్క, కోతి, మనిషి లివర్ కణాలను వేర్వేరు గిన్నెల్లో పెట్టి, మందును మనిషిలాగే విరిచే జంతువు ఏదో చూసుకుంటారు. పరీక్షకు దాన్నే ఎంచుకోవాలని చూస్తారు.

తర్వాత డోసు లెక్క. బరువుకు బరువు వేస్తే తప్పుతుంది, ఎందుకంటే చిన్న జంతువు ఒంట్లో అన్నీ వేగంగా జరుగుతాయి, మందు కూడా తొందరగా ఖర్చవుతుంది. కాబట్టి ఒంటి ఉపరితలాన్ని బట్టి లెక్క కడతారు. పెద్ద ఎలుకకు కిలోకు 62 మిల్లీగ్రాములు హాని చేయలేదంటే, మనిషికి అది కిలోకు 10తో సమానం. అన్ని జంతువుల్లో ఎక్కువ సున్నితమైనది ఏదో దాని లెక్కే తీసుకుని, దాన్ని ఇంకో పదితో భాగించి, అంత తక్కువతో మనుషుల్లో మొదలుపెడతారు. మన బియ్యంలో, మిరపకాయల్లో మిగిలే పురుగుమందుకైతే ఇంకా జాగ్రత్త. జంతువుకు హాని చేయని మోతాదును వందతో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా ఉండొచ్చని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉండొచ్చని ఇంకో పది. ఇది 1950ల నుంచి నడుస్తున్న పద్ధతి. ఈ పదులు ఎక్కడో కొలిచి తెచ్చినవి కావు, అనుభవం మీద వేసుకున్న గట్లు. చాలావరకు నిలబడ్డాయి.

తెగిన సందర్భాలూ ఉన్నాయి. 2006 మార్చిలో లండన్‌లో ఒక కొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. కోతులు తట్టుకున్న డోసులో అయిదు వందల వంతే ఇచ్చారు. అయినా గంటన్నరలోనే అందరూ విలవిల్లాడి ఐసీయూలో పడ్డారు. ప్రాణాలైతే దక్కాయి. ఆ మందు పట్టుకునే తాళం మనిషి రక్తకణాల్లో కొన్నిటి మీద ఉంది, కోతిలో అవే కణాల మీద లేదు. లేని తాళం మీద ఎంత పెద్ద డోసు వేసి చూస్తే ఏం తెలుస్తుంది! అప్పటినుంచి మొదటి డోసును ఇంకా చిన్నది చేశారు, ఒకరికి ఇచ్చి ఆగి చూశాకే ఇంకొకరికి ఇస్తున్నారు.

మరి మీ పాప సిరప్‌కు పూచీ ఎవరు? ఎలుకలు కాదమ్మా. 1950ల నుంచి దీన్ని మింగుతున్న కోట్లమంది మనుషులు, అందులో పిల్లలు. ఇన్నేళ్లలో అది మనిషికి ఎంతవరకు మంచిదో, ఎక్కడ దాటితే చెడుతుందో మనుషుల్లోనే తెలిసిపోయింది. కొత్త మందుకు ఈ ధైర్యం ఉండదు, అందుకే నేను నిన్న మొన్న వచ్చిన మందును పసిపిల్లలకు రాయడానికి జంకుతాను.

ఇప్పుడు కొలత. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు ఒకసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. పాప బరువు మీరు రాయలేదు. 13 కిలోలు అనుకుంటే, 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములున్న సిరప్ 3 మి.లీ. చాలు, 120 ఉన్నదైతే 6 మి.లీ. సీసా మీద ఈ అంకె చూడకుండా ఎప్పుడూ పోయకండి. మా దగ్గరికొచ్చే పొరపాట్లలో ఎక్కువ ఇక్కడే. పోయినసారి 120ది కొన్నారు, ఈసారి షాపులో 250ది ఇచ్చారు, ఇంట్లో మాత్రం అదే మూత, అదే గీత. వంటింటి చెంచా అసలొద్దు, సీసాతో వచ్చే కొలమూత గానీ సూది లేని సిరంజి గానీ వాడండి. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, రెండూ పోస్తే డోసు రెండింతలవుతుంది.

పొరపాటున పాప సీసా ఎత్తి తాగేస్తే వాంతులు వస్తాయేమో అని ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, మొదటి రోజు బిడ్డ మామూలుగానే ఆడుకుంటూ ఉండొచ్చు. వెంటనే సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దీనికి విరుగుడు మందు ఉంది, ఎనిమిది గంటల్లోపు పడితే లివర్‌ను బాగా కాపాడుతుంది.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దానికి జ్వరమొచ్చినా, జలుబు చేసినా పశువుల ఆస్పత్రికే. పాప సిరప్ తియ్యగా ఉంటుంది కదా, పిల్లి నాకకుండా మూత గట్టిగా బిగించి పైన పెట్టండి.