పట్టిన చేపను వదలాలా, పులుసు పెట్టాలా?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో. సెలవులకు వచ్చినప్పుడు మా చెరువులో గాలం వేసి, పడిన చేపను ఫోటో తీసుకుని వదిలేస్తుంటాను. మా నాయనమ్మ "తిననోడివి దాని నోట్లో ముల్లెందుకు గుచ్చావురా" అని తిడుతోంది. ఫ్రెండ్సేమో వదలడమే మంచిది, తింటే పాపం అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ నాయనమ్మను తేలిగ్గా తీసుకోకండి. స్విట్జర్లాండ్‌లో వదిలేద్దామన్న ఉద్దేశంతోనే చేపను పట్టడం 2009 నుంచి చట్టప్రకారం తప్పు, అక్కడివాళ్ల వాదన కూడా అచ్చం ఆమెదే. అదే అమెరికాలో ట్రౌట్ అనే చేప ఉండే కొన్ని ఏరుల్లో పట్టినదాన్ని వదలకపోతే జరిమానా కట్టాలి. కాబట్టి పాపపుణ్యాల సంగతి పక్కన పెట్టి, మీ గాలానికి పడింది ఏ చేపో ముందు చెప్పండి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అయితే ఇంటికి తీసుకుపోండి. ఇవి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలంలో పారే ఏరు కావాలి. మన చెరువుల్లో ఉన్నవి దాదాపు అన్నీ హేచరీ నుంచి, అంటే చేపగుడ్లు పొదిగించే చోటు నుంచి తెచ్చి వదిలిన పిల్లలే, అందుకని మీరొకటి వదిలినంత మాత్రాన చెరువులో చేపల సంఖ్య పెరగదు, ఎండాకాలం నీళ్లు ఇంకాక ఎలాగూ వలకే వస్తుంది. అయితే ఒక మాట. చెరువును మత్స్యకారుల సంఘం వేలంలో పాడుకుని ఉంటే ఆ పిల్లలకు డబ్బులు పెట్టింది వాళ్లు, గాలం వేసే ముందు వాళ్లని అడగండి.

కొర్రమీను కథ వేరు. అది మన చెరువులోనే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. వానలు పడ్డాక గట్టు పక్కన తుంగలో చూడండి, నీళ్ల మీద అరచేతి వెడల్పున ఎర్రగా ఒక ముద్ద కదులుతుంటుంది, చినుకులు పడుతున్నట్టు సన్నగా బుడగలు. అవి దాని పిల్లలు. కింద తల్లీతండ్రీ రెండూ కాపలా ఉంటాయి. ఆ ముద్దలోకి కప్పను కట్టిన గాలం విసిరితే పెద్దది ఎగబడి పట్టుకుంటుంది, ఆకలేసి కాదు, కోపంతో. మనవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. నేనూ ఒకసారి అలాగే రెండింటినీ పట్టాను. మామిడికాయ ముక్కలేసి పెట్టిన ఆ పులుసు, అబద్ధమెందుకు, బ్రహ్మాండంగా ఉంది, మర్నాటికి ఇంకా బాగుంది. కానీ మూడో రోజు చెరువుకు పోతే ఆ ఎర్ర ముద్ద లేదు. కాపలా పోయాక జెల్లలు, పరకలు ఊరుకుంటాయా? అందుకని పిల్లలతో ఉన్న కొర్రమీను జోలికి పోకండి, పొరపాటున పడితే అక్కడికక్కడే వదిలేయండి.

వదిలేటప్పుడైనా మీ పద్ధతి మార్చుకోవాలి. గాలానికి లోపలివైపు ఉండే ఎదురు ముల్లును పటకారుతో నొక్కేయండి, సులువుగా ఊడొస్తుంది. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడిపోయి రోగాలొస్తాయి. కాలే గట్టు మీద పడేసి, మొప్పల్లో వేళ్లు పెట్టి పైకెత్తి, ఫోన్ కోసం జేబులు తడుముకుని, పది ఫోటోలు తీసి వదిలితే అది ఈదుకుంటూ పోయినట్టే కనపడుతుంది, తర్వాత ఎక్కడో తేలుతుంది, మీకు తెలియదంతే. మే నెల మధ్యాహ్నాల్లో అసలు గాలమే వేయకండి, వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, పోరాడి అలిసిన చేప కోలుకోలేదు. గాలం గొంతులోకి దిగిపోయిన చేపను మాత్రం వదలాలని చూడకండి, నాయనమ్మకు ఇచ్చేయండి.

ప్రశ్న: మా కాలవలో దెయ్యం చేపలు పడుతున్నాయి. తినలేం, చంపబుద్ధి కాదు. వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. అది మన నీళ్లది కాదు, దక్షిణ అమెరికా నుంచి అక్వేరియంల కోసం తెచ్చినది, బయటపడి చెరువులన్నీ ఆక్రమిస్తోంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడినా ఇదే మాట, దాన్ని పెంచడం మన దేశంలో నిషేధం. తలమీద ఒక్క దెబ్బతో తేల్చేసి గుంట తీసి పూడ్చండి. గట్టు మీద పారేస్తే ఒంటి మీద ఆ పెంకులు చూసి కుక్కలు కూడా మూతి పెట్టి వెళ్లిపోతాయి, ఇక దారిన పోయేవాళ్ల కాళ్లకు గుచ్చుకునేది మిగులుతుంది.