షట్టర్లు, సొరుగుల కొలతలు తప్పాయి: మిగిలిన సొమ్ము చెల్లించాలా?

ప్రశ్న: కావలిలో మేము కట్టుకున్న ఇంటికి ఒంగోలులోని ఒక వర్క్‌షాపు వారి చేత 3,20,000 రూపాయలకు మాడ్యులర్ వంటగది చేయించుకున్నాము. కొలతలు వారే వచ్చి తీసుకున్నారు. బిగించి నాలుగు నెలలైంది. 900 మిల్లీమీటర్ల పెట్టెలో సొరుగులు సగం వరకే జరిగి బిగుసుకుపోతున్నాయి. సింకు కింది జంట షట్టర్లు ఒకదానినొకటి రాసుకుంటున్నాయి. సముద్రపు గాలి తేమకు చెక్క ఉబ్బిందనీ, మా గోడ వంకరగా ఉందనీ వారు అంటున్నారు. మిగిలిన 80,000 ఇవ్వకపోతే కేసు వేస్తామంటున్నారు. ఏమి చేయాలి?

సమాధానం: మీ వివాదం చట్టం దగ్గరికి వెళ్లే ముందు టేపు దగ్గర తేలాలి. వంటగది బాగా కుదరలేదని ఫిర్యాదు రాస్తే ఎదుటి పక్షం అది మీ అభిరుచికి సంబంధించిన విషయమని వాదిస్తుంది. ఎంత ఉండవలసినది ఎంత ఉన్నదో మిల్లీమీటర్లలో రాస్తే ఆ వాదనకు చోటుండదు.

మీకు చేసి ఇచ్చినవి ముందు చట్రం లేని పెట్టెలని మీరు పంపిన ఫొటోలను బట్టి తెలుస్తున్నది. వీటిలో షట్టరు నేరుగా పక్కపలకల మీదనే కూర్చుంటుంది కనుక కొలతలో వచ్చిన తేడాను కప్పడానికి అడ్డు ఏదీ ఉండదు. 18 మిల్లీమీటర్ల ప్లైతో చేసిన 900 పెట్టెకు రెండు పక్కపలకల మందం పోగా లోపలి వెడల్పు 864. మామూలు బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ చానెల్‌కు, అంటే సొరుగు జరగడానికి దాని పక్కల బిగించే లోహపు పట్టాకు, ఒక్కో పక్కన సుమారు 12.7 మిల్లీమీటర్ల చోటు కావాలి, అందువల్ల సొరుగు బయటి వెడల్పు 838 దగ్గర ఉండాలి. మీ చానెల్ వేరే రకమైతే దాని తయారీదారు ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి. సొరుగు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువైతే చానెల్ వెనుక పలుచని మైకా ముక్క పెట్టి సరిచేయవచ్చు. ఎక్కువైతే సొరుగును మళ్లీ చేయవలసిందే. అలాగే 900 పెట్టెకు జంట షట్టర్లు ఒక్కొక్కటి 447 ఉంటే మధ్యలో 3, రెండు చివరల ఒకటిన్నర చొప్పున సందు మిగులుతుంది. అవి 449 చొప్పున ఉంటే మూడు సందులకూ కలిపి 2 మాత్రమే మిగులుతుంది. కబ్జా (హింజ్) స్క్రూలు షట్టరును అటూ ఇటూ జరపగలవే గాని, లేని చోటును పుట్టించలేవు.

ఇక వారు చెప్పిన రెండు కారణాలు. తేమకు పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) అంచులు ఉబ్బడం నిజమే, కానీ మంచి ప్లై వెడల్పులో పెరగడం చాలా స్వల్పం. బిల్లులో ఏ పలక రాశారో, బిగించినది ఏదో ముందు పోల్చి చూడండి. గోడ వంకర పెట్టెను మెలితిప్పిందా అన్నది తెలియాలంటే పెట్టె ముందు భాగంలో ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలు తీయండి. అవి సమానంగా ఉండి, పెట్టె అంతటా లోపలి వెడల్పు సరిగ్గా 864 ఉంటే గోడను నిందించడానికి వీలు లేదు. సమానంగా లేకపోయినా, గోడను చూసి కొలత తీసుకుని, మట్టం చేసి బిగించే పని వారే ఒప్పుకున్నారు కదా.

మీరు డ్రాయింగు మీద సంతకం చేశారని వారు అనవచ్చు. మీరు ఆమోదించినది పెట్టె బయటి రూపాన్ని. చానెల్‌కు ఎంత విడవాలో తెలిసి ఉండవలసినది పనివారే అని నా అభిప్రాయం. అయితే పలకలు కోసిన తరువాత మీరు చానెల్‌ను గాని పెట్టె కొలతను గాని మార్పించి ఉంటే ఆ మేరకు మీ వాదం బలహీనపడుతుంది. రోజు కూలికి వడ్రంగిని పెట్టుకుని మీరే కొలతలు చెప్పి చేయించుకున్న పనికి ఈ సలహా వర్తించకపోవచ్చు, ఎందుకంటే వ్యక్తిగత సేవా ఒప్పందాలను చట్టం సేవ నిర్వచనం నుంచి మినహాయించింది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2 ప్రకారం కొలత తప్పిన సొరుగు వస్తులోపం కిందికి, సరిదిద్దకపోవడం సేవాలోపం కిందికి వస్తాయి. సెక్షన్ 34 మీరు నివసించే చోటనే ఫిర్యాదు చేయనిస్తుంది కనుక ఒంగోలు వెళ్లనక్కరలేదు, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన ప్రతిఫలం, అంటే పనికి ఇచ్చిన ధర, 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. ఫిర్యాదు చేయడానికి గడువు సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. లోపాన్ని తొలగించమని, లేదా సొమ్ము తిరిగి ఇప్పించమని, పరిహారం కూడా చెల్లించమని ఆదేశించే అధికారం సెక్షన్ 39 కమిషన్‌కు ఇచ్చింది.

ఆ 80,000 విషయంలో మౌనంగా ఉండకండి. ఏ పెట్టెలో ఏ కొలత ఎంత తప్పిందో పట్టిక రాసి, పదిహేను రోజులలో సరిచేయమని, సరిచేసిన రోజే మిగతా సొమ్ము చెల్లిస్తామని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి; కారణం చెప్పకుండా బాకీ ఆపిన వారిగా మీరు కనబడకూడదు. వచ్చి సరిచేస్తామంటే ఒకసారి అవకాశం ఇవ్వండి. వాట్సాప్‌లో నడిచిన మాటలు చెరిపివేయవద్దు, వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

మీరిచ్చిన పదిహేను రోజుల గడువు దాటాక వేరే వడ్రంగి చేత చేయించుకుంటే న్యాయమైన ఆ ఖర్చును 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద నష్టంగా అడగవచ్చు. అయితే ఆ పని మొదలుపెట్టే ముందు టేపు ఆనించి ప్రతి సొరుగుకూ ఫొటో తీయండి, వీలైతే ఇద్దరు సాక్షుల సమక్షంలో కొలతలు రాసి సంతకాలు తీసుకోండి, ఊడదీసిన పాత సొరుగులను, షట్టర్లను తీర్పు వచ్చే వరకు అటక మీద భద్రపరచండి.