పూలు లేని తురాయి

ప్రశ్న: మాస్టారూ, మా వీధిలో మూడు పెద్ద చెట్లున్నాయి. మూడింటి ఆకులూ చింతాకులా సన్నగానే ఉంటాయి. మూడూ తురాయిలే అని మావారి వాదన. పూలు పూసేదాకా ఆగకుండా తేల్చుకోవచ్చా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: నిక్షేపంగా తేల్చుకోవచ్చమ్మా. ముందు ఒక కొమ్మ వంచి, ఆకు ఎక్కడ మొదలవుతుందో చూడండి. కాడ కొమ్మకు అతికిన చోట పైపక్క ఒక చిగురు మొగ్గ ఉంటుంది. అక్కడి నుంచి కొసదాకా ఉన్నదంతా ఒకటే ఆకు. మీరు ఆకులనుకుంటున్న చిట్టివి దాని భాగాలు, పత్రకాలు. వాటి మొదట్లో మొగ్గ ఉండదు. తురాయి ఆకు ఒక్కటే మూరెడు దాకా సాగుతుంది!

ఇక పత్రకాల సంగతి. తురాయివి సెంటీమీటరుకు మించవు; మెత్తగా, లేత ఆకుపచ్చగా ఉంటాయి. అంతకంటే కాస్త పెద్దగా, ముదురు రంగులో కనిపిస్తే లేత కొమ్మను వేలితో తడమండి. తుప్పు రంగు నూగు ఉంటే అది పసుపు పూల పచ్చతురాయి. అనుమానం తీరకపోతే కాయలు వెతకండి. తురాయి కాయ చెక్కలా గట్టిగా, అడుగు దాటి కూడా పెరుగుతుంది. పచ్చతురాయి కాయ వేలెడంత, పలుచగా, రాగి రంగులో ఉంటుంది.

పత్రకాలు రెండు మూడు సెంటీమీటర్లుండి, ఏటవాలుగా, కొసన ఉన్న జత అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తే అది నిద్రగన్నేరు. సాయంత్రం ఆకు ముడిచేదే నిద్రగన్నేరని చాలామంది చెబుతారు. ఆ పరీక్ష నాకు నచ్చదు. తురాయి కూడా పొద్దుగూకితే ముడుస్తుంది. మీవారితో పందెం కాసేముందు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ల గోడల వెంట నిటారుగా పెరిగేది అశోక చెట్టేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు బాబూ, అది నరమామిడి. నర్సరీలవాళ్లు అశోక అనే అమ్ముతారు, మనమూ అలాగే కొంటాం. నరమామిడి ఆకు ఒంటరిది. పొడవుగా, అంచులు అలలు తిరిగి ఉంటుంది. అసలు అశోకది సంయుక్త పత్రం: ఒకే ఈనెకు నాలుగైదు జతల పత్రకాలు, అంచులు నున్నగా. దాని నారింజ రంగు పూలు గుత్తులుగా ముదురు కొమ్మల మీద కూడా పూస్తాయి. చిగురును మాత్రం నమ్మవద్దు. రెండింటి చిగుళ్లూ రాగి రంగులోనే వేలాడతాయి. ముదిరిన ఆకునే చూడాలి.