పరలోకంలో పాపం ‘చేయరా’, ‘చేయలేరా’?

సందేహం: గురువుగారూ, మా సంఘం యౌవనస్థుల కూడికలో ‘పరలోకంలో మనిషికి స్వేచ్ఛ ఉంటుందా’ అని చర్చ వచ్చింది. ‘అక్కడ ఎవరూ పాపం చేయలేరు’ అన్నారొకరు. ‘చేయలేరంటే స్వేచ్ఛ లేనట్టే, చేయరు అనాలి’ అన్నారు ఇంకొకరు. ఏది సరైన వాడుక? ఫ్రీ విల్ అనే అర్థంలో స్వేచ్ఛ, స్వచిత్తం, ఇచ్ఛాస్వాతంత్ర్యం – వీటిలో ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: రెండూ చక్కని తెలుగే. తేడా అర్థంలో ఉంది. మీ కూడికలో పడిన ముడి కూడా అక్కడే ఉంది.

మీ ఊరి ఫిషింగ్ హార్బర్‌నే తీసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల మీద వేటకు వెళ్ళకూడదు. అది నిషేధం. తుపాను గాలి వీస్తుంటే వెళ్ళలేరు. అది అశక్తత. ఇంట్లో పెళ్ళి ఉంటే వెళ్ళరు. అది వాళ్ళ నిర్ణయం. వెళ్ళగల శక్తి ఉందా లేదా అన్న సంగతిని ‘వెళ్ళరు’ అనే మాట పట్టించుకోదు.

ఇంతవరకే అయితే మీ రెండో మిత్రుడిదే గెలుపు. కానీ ‘లేరు’కు ఇంకో వాడుక ఉంది. ‘కన్నవాళ్ళు బిడ్డ నోట్లో విషం పోయలేరు’ అంటాం. చేతుల్లో బలం లేక కాదు, మనసు రాక. ‘కొట్టడానికి చేయి రాలేదు’, ‘అబద్ధమాడడానికి నోరు రాదు’ అనేవి ఈ కోవలోవే. చేయీ ఉంది, నోరూ ఉంది, రానిది మనసు. ఇలాంటి ‘లేకపోవడాన్ని’ తెలుగువాళ్ళెవరూ బానిసత్వం అనరు. పైగా అది ఆ మనిషి మంచితనానికి గుర్తు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘నానొల్లను’ అంటారే, ఆ ఒల్లకపోవడం ముదిరి పాకాన పడితే ‘చేయలేను’ అవుతుంది.

క్రైస్తవ వేదాంతులు పరలోకం గురించి చెప్పేది సరిగ్గా ఇదే. తొలినాటి సంఘ గురువు అగస్టీను తన ‘దైవనగరం’ గ్రంథం చివరి అధ్యాయంలో (22వ భాగం, 30వ అధ్యాయం) రెండు లాటిన్ మాటలు పక్కపక్కన పెట్టాడు. ఆదాముకు ఇచ్చింది ‘పోస్సే నోన్ పెక్కారే’, అంటే పాపం చేయకుండా ఉండగలగడం. పరలోకవాసులకు ఇచ్చేది ‘నోన్ పోస్సే పెక్కారే’, అంటే పాపం చేయలేకపోవడం. ‘నోన్’ అనే వ్యతిరేకార్థకం ఒక్క అడుగు ముందుకు జరిగింది, అంతే. రెండోదే గొప్ప స్వేచ్ఛ అంటాడాయన. దేవుడు పాపం చేయలేడు కదా, అంతమాత్రాన ఆయనకు స్వేచ్ఛ లేదంటామా అన్నది ఆయన వాదన. అందరూ ఇలాగే అనలేదు. స్వేచ్ఛ ఉన్నంతకాలం మళ్ళీ జారిపడే వీలూ ఉంటుందన్న ఊహ అంతకు ముందే ఆరిజెన్ అనే మరో వేదాంతి రాతల్లో ఉంది. దాన్ని అగస్టీను గట్టిగా కాదన్నాడు.

తెలుగు బైబిలు ఈ తేడాను ఎంత జాగ్రత్తగా పట్టుకుందో చూడండి. 1 యోహాను 3:9లో ‘పాపము చేయడు’ అని, ఆ వెంటనే ‘పాపము చేయజాలడు’ అని రెండు రూపాలూ ఒకే వచనంలో ఉన్నాయి. (ఆ వచనం బతికున్న విశ్వాసుల గురించి, పరలోకం గురించి కాదు. చర్చలో ఉదహరించేటప్పుడు ఇది మరిచిపోవద్దు.) ‘చాలు’ ధాతువు సంధిలో ‘జాలు’ అయింది. చాలడు అంటే అందుకు సరిపోడు. తీతు 1:2లో ‘అబద్ధమాడనేరని దేవుడు’ అన్నారు. ఇది ‘నేర్చు’ నుంచి వచ్చింది. అబద్ధం ఆయనకు అబ్బని విద్య. నాకు ఈ మాట ‘ఆడలేని’ కన్నా ఎంతో అందంగా కనిపిస్తుంది.

అయితే ‘జాలు’ ఒక్కటే కారణం చెప్పదు. లూకా 16:26లో ‘దాటగోరువారు దాటి పోజాలకుండునట్లు’ మధ్యన మహా అగాధం ఉంది. అక్కడ కోరిక ఉంది, దారి లేదు. అది తుపాను నాటి ‘వెళ్ళలేరు’. పరలోకంలో పాపం సంగతి కన్నవాళ్ళ ‘పోయలేరు’. కాబట్టి కారణం కూడా కలిపి రాయండి: ‘పరలోకంలో పాపానికి మనసు రాదు, అందుకే చేయలేరు’. అప్పుడు మీ ఇద్దరు మిత్రులకూ పేచీ ఉండదు.

ఇక్కడో గుంట ఉంది. ‘పరలోకంలో ఆత్మ పాపం చేయలేదు’ అని రాశారో, అది ‘ఇంతవరకు చేయలేదు’ అని భూతకాలంగా కూడా చదువుకోవచ్చు. మహద్వాచకం (మగవాళ్ళను చెప్పే మాట) కాని ఏకవచనంలో రెండు అర్థాలకూ ‘లేదు’ ఒకటే. అలాంటి చోట ‘చేయజాలదు’ అనండి, లేదా ‘ఆత్మలు చేయలేవు’ అని బహువచనంలోకి మార్చండి.

ఇక పేరు. మొదటిసారి ‘ఇచ్ఛాస్వాతంత్ర్యం’ అని రాసి, ఆపైన ‘స్వేచ్ఛ’ అంటే చాలు. స్వ, ఇచ్ఛ కలిస్తేనే స్వేచ్ఛ, కాబట్టి కోరుకోవడం అందులోనే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చే అర్పణను బైబిలు ‘స్వేచ్ఛార్పణ’ అంది కూడా. ‘స్వచిత్తం’ తప్పు కాదు గాని, సంఘంలో చిత్తం అనగానే దేవుని చిత్తమే చెవిన పడుతుంది. లూకా 22:42లో గ్రీకు మూలంలో ఒకటే మాట ఉన్నా, తెలుగులో ‘నా యిష్టము కాదు, నీ చిత్తమే’ అని విడదీశారు. ఆ విడదీత అలవాటైన చెవికి స్వచిత్తం అంటే సొంత దారి పట్టడంలా వినిపిస్తుంది. ‘స్వతంత్రించుకొను’ జోలికి అసలు వెళ్ళకండి. ‘సాత్వికులు భూలోకమును స్వతంత్రించుకొందురు’ అన్నచోట దానర్థం వారసత్వంగా పొందడం, స్వేచ్ఛ పొందడం కాదు.

మాటల ఎంపికలో ఈ తంటా మీ ఊరికి కొత్త కాదు. 1805లో లండన్ మిషన్ పాదరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి, క్రైస్తవంలోకి మారిన ఆనందరాయర్ తోడుతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టింది అక్కడే.

చివరగా, మీ ఉత్తరంలో రెండుచోట్ల ‘స్వేచ్చ’ అని పడింది. చకారం కింద ఉండాల్సింది ‘ఛ’ వత్తు: స్వేచ్ఛ.