అమ్మలూకి, స్టార్ రేటింగ్ పని గురించి

అమ్మలూ,

భువనేశ్వర్ ఉద్యోగం మానేసి బరంపురంలో సొంతంగా ఎనర్జీ ఆడిట్ పని పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మొదటి పని ఒక ఆఫీసు బిల్డింగుకి బీఈఈ, అదే కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే స్టార్ రేటింగ్ అట. "ఆడపిల్ల ప్యానెల్ బోర్డుల దగ్గర తిరగడమేంటన్నయ్యా" అని తన గోల. నేను తనకి ధైర్యం చెప్పి, మీ అత్తకి గొప్పగా చెప్పుకుని, ఆ రాత్రి నిద్రపోలేదు.

కనెక్టెడ్ లోడు, పన్నెండు నెలల బిల్లులు అంటూ నీకు తెలిసినవి నేను చెప్పక్కర్లేదు. ఏడాదికి చదరపు మీటరుకి ఎన్ని యూనిట్లయితే ఎన్ని స్టార్లో చెప్పే పట్టిక మాత్రం మన ఉక్క ప్రాంతానిదే తియ్యి, నాగ్‌పూర్‌లో నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికిరాదు.

జనరేటరు సంగతి మాత్రం ఓపిగ్గా చదువు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా. ఊళ్లో కరెంటు రాక రోజుల తరబడి జనరేటర్లే నడిచాయి. నేను వైరింగ్ చేసిన ఒక బిల్డింగు ఓనరుకి మరుసటి ఏడాది స్టార్ మీద మోజు పుట్టింది. వైజాగ్ నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాడు. కుర్రాడు బుద్ధిమంతుడే. తుఫాను నెలల బిల్లులు తక్కువగా ఉంటే బిల్డింగు బాగుందని సంబరపడ్డాడు. సొంత కప్పు మీద సోలార్ యూనిట్లు లెక్కలో కలపరు. అలాగే సొంతంగా పుట్టించుకున్న కరెంటు ఏదీ కలపరని డీజిల్‌ని కూడా వదిలేశాడు, కానీ అది కలపాల్సిందే. లాగ్‌బుక్ జనరేటరు గదిలో మేకుకే వేలాడుతోంది. వాచ్‌మన్ గంటలు, లీటర్లు పెన్సిల్‌తో రాశాడు, చెమ్మకి కాగితాలు అతుక్కుపోయాయి. అంతా ఒడియాలో ఉంది. కుర్రాడికి ఒడియా రాదు, అడగడానికి మొహమాటం.

విస్తీర్ణం కూడా ఓనరు చెప్పిందే రాసుకున్నాడు, పార్కింగ్‌తో సహా. అది కలపకూడదు. దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడు. ఏడాదికి 1,80,000 యూనిట్లు, 1,500 చదరపు మీటర్లు అనుకో. చదరపు మీటరుకి 120. పగలు నడిచే, సగానికి మించి ఏసీ ఉన్న ఆఫీసుకి అప్పటి మన పట్టికలో 100 నుంచి 125 దాకా నాలుగు స్టార్లు. డీజిల్ యూనిట్లు ఇంకో 12,000 కలిపితే 128, మూడుకి దిగింది. పార్కింగ్ 300 చదరపు మీటర్లు కూడా తీసేస్తే 160. అంటే రెండే.

తర్వాత ఎవరో లాగ్‌బుక్ అడిగారు. ఓనరు నేరమంతా కుర్రాడి మీదకి తోసేసి మిగతా ఫీజు ఎగ్గొట్టాడు. టీ కొట్టు బల్ల మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు పాపం, అప్పటికి వాడిది నీ వయసే. అందుకే చెప్తున్నా, సగం ఫీజు ముందే తీసుకో. "మా మావయ్య ఒప్పుకోడు" అను, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. డీజిల్ బిల్లులు ఇవ్వకపోతే పని వదిలెయ్. "ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్" అని తియ్యగా అడిగేవాళ్లని నేను చాలామందిని చూశాను. నీకు ఒడియా చదవడం వచ్చు, వాచ్‌మన్ పక్కన కూర్చుని ఆ పుస్తకం పేజీ పేజీ చదివించుకో.

రాత్రి తొమ్మిదింటికి ఒకసారి బిల్డింగంతా తిరుగు, ఒంటరిగా కాదు. మనుషులు లేని గదుల్లో ఏమేం నడుస్తున్నాయో రాసుకో. ఏసీ 18లో పెట్టి, చలేస్తోందని కిటికీ తీసి కూర్చునే మహానుభావులు ఉంటారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని బీఈఈ వాళ్లే చెబుతారు, ఓనరుకి ఆ మాట నచ్చుతుంది. అద్దాలు పడమర వైపు ఎంత ఉన్నాయో కొలువు. ఫైలిన్ తర్వాత ఆ గాజు ముక్కలు ఎత్తించినవాణ్ణి, నాకు అద్దాల గోడలంటే ఇప్పటికీ పడదు, అది నా పిచ్చి అనుకో.

ఇక ప్యానెల్. వైరు తెంపకుండా కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పట్టుకున్నావని ధీమా వద్దు. గాజులు, ఉంగరం తీసెయ్. తలుపు ఎలక్ట్రీషియన్ చేతే తీయించు, నువ్వు వెనక నిలబడు. చిన్నప్పుడు మిక్సీ ప్లగ్గులో వేలు పెట్టి ఏడ్చింది నువ్వే కదా, నా భుజం మీదే పడుకున్నావు. ఆ రోజు నుంచీ నాకు భయమే.

నువ్వు ఒప్పుకున్న బిల్డింగు వైరింగ్ మా పాత మేస్త్రీదే. శనివారం మా ఇంటికి పిలిచాను, నువ్వూ రా. కొలిచే టేపు నేనిస్తాను. చెప్పులేసుకుని సైటుకి వెళ్తానంటే మాత్రం ఊరుకోను, బూట్లు కొనుక్కుని రా.

నీ
మావయ్య